పిట్టల గది గుమ్మం

పాలు తక్కువైతే టీ నల్లబడుతుంది, అందులో వింతేమీ లేదు, కానీ పాలు తక్కువైనప్పుడు వాసన కూడా మారాలి కదా, వాసన మారకుండా రంగు ఒక్కటే మారిందంటే దానికి ఇంకేదో కారణం ఉండాలి అనుకుంటూ అతను దారం కొనను పెదవుల మధ్య పెట్టి తడిచేశాడు. వేళ్ళతో మెలిపెట్టి సూది బెజ్జంలోకి ఎక్కించాడు. నిన్నటి టీ గురించే ఆలోచన. ఇవాళ్టి టీ ఇంకా రాలేదు.

ముందు బల్ల మీద గుడ్లగూబ వెల్లకిలా పడుకుని ఉంది. అతను పుట్టకముందెప్పుడో చచ్చిన గుడ్లగూబ. కడుపు మీది కుట్లు విడిపోయి, లోపలి దూది పసుపురంగుకు తిరిగి బయటికి తొంగిచూస్తోంది. కళ్ళున్నచోట రెండు దూది ఉండలు. కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి కట్టేసి, వాటికో చీటీ. చర్మం అంచు పైకెత్తితే సన్నటి తెల్లపొడి రాలింది. పాత రోజుల్లో పురుగు పట్టకుండా పిట్ట తోలుకు లోపలివైపు పాషాణమనే విషం పూసేవాళ్ళు. ఆ పొడి ఇన్నేళ్ళయినా పోదు. అతను దాన్ని బల్లమీంచి అరచేత్తో ఒక పక్కకి తుడిచి, ఆ చేత్తోనే సూది పట్టుకున్నాడు.

కొండ మీద ఈ పరిశోధన కేంద్రంలో అందరూ అతన్ని దూదయ్య అంటారు. ఎదురుగా అనరు. కానీ అనుకునేటప్పుడు వినపడేంత దూరంలో ఉండి మరీ అనుకుంటారని అతని నమ్మకం. అద్దాలకు కొట్టుకుని చచ్చిన పిట్టలు, వలల్లో చిక్కి చచ్చిన పిట్టలు, ఎందుకు చచ్చాయో తెలియని పిట్టలు అతని బల్ల మీదికి వస్తాయి. రొమ్ము మీది ఈకలను ఊదితే అవి రెండు పక్కలకీ విడిపోతాయి. ఆ పాయలో కత్తి మొన ఆనించి కిందికి గీస్తాడు. చర్మాన్ని మేజోడులా తిరగేసి లోపలిదంతా తీసేస్తాడు. పుల్లకు దూది చుట్టి లోపల పెట్టి కుడతాడు. అది మళ్ళీ పిట్టలాగే ఉంటుంది, ఎగరదు, అంతే. ఇనప బీరువాల్లో, లోతు తక్కువ అరల్లో, ఒకే జాతివి ఒకే వరసలో, అన్నీ వెల్లకిలా. గదంతా కలరా ఉండల వాసన. ఈ వాసన అతని చొక్కాల్లో, దుప్పట్లో, జుట్టులో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో భార్య ముక్కు మూసుకునేది. ఇప్పుడు అతను రెండ్రోజులు ఊరెళ్తే నిద్ర పట్టదంటుంది. అలా అనడంలో నిజమెంతో!

వర్షాలు తగ్గినప్పటి నుంచీ వెనక వరస బీరువాల్లోని పాత పిట్టలను బాగుచేస్తున్నాడు. వేళ్ళకు తిమ్మిరి మొదలైంది కూడా అప్పుడే. అరికాళ్ళలో మంట, నోట్లో నాణెం పెట్టుకున్నట్టు ఒక రుచి, గోళ్ళ మీద అడ్డంగా తెల్లటి చారలు. కొండ కింది డాక్టరు గోళ్ళు కత్తిరించి ఇమ్మన్నాడు, రక్తం తీసుకున్నాడు. రెండోసారి వెళ్ళినప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

"పాషాణం చేరుతోంది ఒంట్లోకి. కొంచెం కొంచెంగా. ఏం పని చేస్తారు మీరు?"

"స్టోర్లో రాతపని," అన్నాడు అతను.

ఎందుకలా అన్నాడో ఆ తర్వాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. అడిగిన ప్రతిసారీ జవాబు సిద్ధంగానే ఉండేది. పిట్టల గది అని చెబితే డాక్టరు కేంద్రానికి కాగితం పంపుతాడు. పంపితే ఆఫీసరమ్మ అతన్ని ఈ గదిలోంచి బయటికి పంపుతుంది. అప్పుడు ఈ బల్ల ఎవరిదవుతుంది? తన భార్య తమ్ముడిది. ఇక్కడ కత్తి పట్టడం వచ్చినవాడు తన తర్వాత వాడొక్కడే.

"ఇంట్లో ఎలుకల మందు వాడతారా?" అన్నాడు డాక్టరు. "వంట ఎవరు చేస్తారు?"

ఆ రెండో ప్రశ్న అతనితోపాటు కొండెక్కి ఇంటికొచ్చింది. దాన్ని భార్యకు చెప్పి ఆమె మొహం చూశాడు, తాను డాక్టరుకు చెప్పిన అబద్ధం మాత్రం చెప్పలేదు.

తెల్లపొడి సంగతి అతనికి తెలియక కాదు. అదేమిటో తెలుసు, దాని పేరు తెలుసు. చేతి తొడుగుల డబ్బా బీరువా మీదే ఉంది. ఆఫీసరమ్మ వచ్చే అడుగుల చప్పుడు వింటే తొడుక్కుంటాడు, వెళ్ళగానే తీసేస్తాడు. తొడుగు వేసుకుంటే చర్మం ఎంత పల్చగా ఉందో వేలికి తెలియదు, చినిగిపోతుంది. అయినా, ఆ పొడి చెయ్యాల్సిన చెడుపు ఎప్పుడో చేసి ఉండాలి. ఇన్నేళ్ళు పక్కనే పడుకున్న వస్తువు ఇప్పుడు కొత్తగా ఎందుకు కరుస్తుంది? వస్తువుకు పగ ఉండదు. మనిషికి ఉంటుంది. అతని ఆలోచన ఎప్పుడూ ఈ మలుపు దగ్గరే మనుషుల వైపు తిరిగేది.

తన తల్లి కూడా అంతే. ఉమ్మడి కుటుంబంలో తోటికోడళ్ళు వండిన ఏ గిన్నెలోంచి పెట్టినా, ముందు తాను ఒక ముద్ద నోట్లో వేసుకుని, కాసేపు ఆగి, కొడుకు మొహంలోకి చూసి, ఆ తర్వాతే పెట్టేది. ఆ కాసేపూ అతను ఆకలిగా ఆమె గొంతు కదలడాన్నే చూస్తూ కూచునేవాడు. అమ్మంటే ఇప్పటికీ అతనికి గుర్తొచ్చేది కదిలే ఆ గొంతే. ముందు రుచి చూడకుండా పెట్టిన తిండి ఎవరిదైనా, ఎంత ప్రేమగా పెట్టినా, అందులో ఏదో తక్కువైనట్టే ఉండేది.

ఇవాళ పొద్దున రొట్టె ముక్క ముందు పెట్టుకుని, దాని అంచులు చూస్తూ కూచున్నాడు. భార్య పొయ్యి దగ్గర్నుంచి వచ్చి అతని పళ్ళెంలోంచి ఆ ముక్క తీసుకుని, సగం కొరికి, నమిలి, మింగి, మిగతాది మళ్ళీ పళ్ళెంలో పడేసింది.

"తినండి. నేను చావలేదుగా," అంది.

"ఇప్పుడు నేనేమన్నాను?"

"మీరు అనరు. చూస్తారు. నెలరోజులుగా చూస్తూనే ఉన్నారు. పిట్టనైనా అంత సేపు చూడరేమో."

అతను తిన్నాడు. మింగుతుంటే గొంతులో ఏదో వదులైంది. సిగ్గో, ఊరటో తేల్చుకోలేదు. వీధిలోకి వచ్చాక ఒక లెక్క మాత్రం తేలింది. భార్య కాదు. కాకపోతే మిగిలింది బావమరిది రోజూ తెచ్చే టీ.

*

గుడ్లగూబ కడుపు సగం కుట్టేసరికి వరండాలో చెప్పుల చప్పుడైంది. అతను తల ఎత్తలేదు. ఆ నడక తెలుసు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

గుమ్మానికి అడ్డంగా నేల మీద ఎర్రటి గీత ఉంది. బావమరిది పనిచేసేది అవతల విడిగా ఉన్న పురుగుల గదిలో. పెద్ద జంతువుల కళేబరాలను అక్కడ పెట్టెల్లో పెడితే, గింజంత గోధుమరంగు పురుగులు మాంసమంతా తినేసి ఎముకలను తెల్లగా తోమి పెడతాయి. అక్కడ అవి పనివాళ్ళు. కానీ వాటిలో ఒక్కటి ఎవరి చొక్కా మడతలోనో దాక్కుని ఈ గదిలోకి వచ్చిందంటే, తరతరాల పిట్టలన్నీ పొడిపొడి అయిపోతాయి. అందుకని పురుగుల గది మనిషి ఈ గీత దాటకూడదు. పురుగుల గదికి మారిన రోజు నుంచీ బావమరిది దాటలేదు. బావ రమ్మనలేదు. తెచ్చిన గ్లాసును గీత మీద వేసిన స్టూలు మీద పెట్టి, ఆ గుమ్మంలోంచే మాట్లాడతాడు.

"ఏం బావా, ఇవాళ ఏ పెళ్ళికూతురు? కడుపు నిండా దూది కుక్కేస్తున్నావు?"

"గుడ్లగూబ."

"మా అక్క పోలికే. కళ్ళు కూడా అట్లాగే ఉంటాయి."

ఒకప్పుడైతే దీనికి ఒక ఎదురుమాట ఉండేది. నీ పురుగులు కూడా నీ తెలివి తినలేకపోయాయిరా, తినడానికి ఉండాలి కదా అనేవాడు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. అతను ఇంకో కుట్టు వేశాడు.

"ఒంట్లో ఎలా ఉంది బావా?"

ఇదిగో. రోజూ ఇదే. ఎందుకడుగుతాడు? మందు వేసినవాడు పనిచేసిందో లేదో చూసుకోవాలి కదా.

"బాగానే ఉంది."

"వేళ్ళు?"

"బాగానే ఉన్నాయన్నానుగా!"

"సరే. చల్లారకముందే తాగు."

చప్పుడు దూరమయ్యేదాకా ఆగి అతను లేచాడు. గ్లాసు తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు. రంగు మామూలుగానే ఉంది. మామూలుగా ఉండడం మరీ అనుమానంగా అనిపించింది. నిన్న నల్లగా ఉందని తాను కనిపెట్టినట్టు వీడికి తెలిసిపోయిందన్నమాట. వరండా చివర మట్టికుండీలో ఒక ఆకుల మొక్క ఉంది. చుట్టూ చూసి, టీ అంతా దాని మొదట్లో పోశాడు. మట్టి చప్పుడు చేస్తూ తాగింది.

వాణ్ణి ఈ కొండకు తెచ్చింది తానే. అత్తమామలు పోయాక భార్య ఏడుస్తుంటే తానే కిందికి వెళ్ళి, మీసం కూడా సరిగా రాని వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఆనాటి ఆఫీసరు ముందు నిలబెట్టి, మావాడే అన్నాడు. మొదట ఈ గదిలోనే పని నేర్పాడు. వాడి చెయ్యి తొందరగా తిరిగింది. ఒకరోజు వాడు కుట్టిన పిచుకను ఆఫీసరు ఎత్తి చూపిస్తూ మెచ్చుకున్నాడు. ఆ మర్నాడే పురుగుల గదికి ఒక మనిషి కావాలంటే, తన నోటితో తానే వాడి పేరు చెప్పాడు. బావ మాట కాదనలేక వాడు నవ్వుతూ వెళ్ళాడు. ఆ నవ్వును అతను ఎన్నో ఏళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాడు. దానికి ఏ కుట్టూ దొరకలేదు. అంత శుభ్రంగా నవ్వినవాడు లోపల ఏదో దాచుకునే ఉండాలి.

మధ్యాహ్నం కిటికీ తెర పక్కకు జరిపి చూస్తే, ప్రహరీగోడ దగ్గర అక్కాతమ్ముడు నిలబడి ఉన్నారు. ఆమె ఏదో చెబుతోంది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. వాడు పిట్టల గది కిటికీ వైపు చెయ్యి చూపించాడు. అతను తెర వదిలేశాడు. భార్య కాదు అనుకున్న పొద్దుటి లెక్క మొత్తం తప్పేమో. ఆమె కొరికిన సగం ముక్క ఏ పక్కది? తనకు వదిలిన సగం ఏ పక్కది?

బల్ల దగ్గరికొచ్చి మళ్ళీ కూచున్నాడు. ఒక వడ్రంగిపిట్ట మెడ ఊడిపోతే కుట్టాడు. దారం తడి, మెలిక, బెజ్జం. ఒక గద్ద రెక్క కింది చిరుగు కుట్టాడు. దారం తడి, మెలిక, బెజ్జం. చేతులకు పని ఉంటే బుద్ధి కుదురుగా ఉంటుందంటారు గానీ, అతని విషయంలో చేతులు ఎంత బాగా కుడితే బుద్ధి అంత బాగా కుట్టేది. గోడ దగ్గర తుడుచుకున్న కళ్ళు, నల్లబడిన టీ, రోజూ అడిగే కుశలం, పాత నవ్వు, అన్నీ ఒకే దారం మీదికి వచ్చాయి. లాగి ముడి వెయ్యడమే మిగిలింది. సాయంత్రం వాడు టీ తెచ్చినప్పుడు అది వాడిచేతే తాగిస్తాను అనుకున్నాడు. నా కళ్ళముందే తాగమంటాను. తాగకపోతే అప్పుడు తేలిపోతుంది.

*

వెలుతురు తగ్గుతున్నప్పుడు చెప్పుల చప్పుడుకు బదులు బూట్ల చప్పుడైంది. నడక మాత్రం అదే.

బావమరిది గీత అవతల నిలబడి ఉన్నాడు. తల స్నానం చేసినట్టు జుట్టు ఇంకా తడిగా ఉంది. ఇస్త్రీ చొక్కా. భుజాన సంచి. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో చిన్న రేకు మూత.

"ఏమిటీ వేషం?" అన్నాడు అతను.

"వెళ్ళిపోతున్నా బావా. కింద పట్నంలో మ్యూజియం ఉంది కదా, అక్కడికి బదిలీ వేయించుకున్నాను. ఎముకల పనే. కిందికి వెళ్ళే జీపు ఇంకాసేపట్లో బయల్దేరుతుంది."

"ఎప్పుడు వేయించుకున్నావు?"

"నెల దాటింది."

"చెప్పలేదే."

"నువ్వు మాట్లాడితే కదా చెప్పడానికి. అక్కకి కూడా మధ్యాహ్నమే చెప్పాను. గోడ దగ్గర ఒకటే ఏడుపు."

వాణ్ణి తాగమనాలనుకున్న మాట నోట్లోనే ఉంది. కానీ బల్ల కోసం కాచుకుని కూర్చున్నవాడు బల్ల దొరికే వేళకు కొండ దిగి వెళ్ళడమేమిటి? లేదా, పని పూర్తయిందనా?

"టీ తెచ్చావు," అన్నాడు నెమ్మదిగా.

"తెచ్చాను. అలవాటు." వాడు గ్లాసు వైపు చూశాడు, ఎత్తి గటగటా మొత్తం తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు. "నువ్వెలాగూ మొక్కకే పోస్తావు. దానికి పొద్దున్నదే అరిగి ఉండదు."

అతని చెవులు వేడెక్కాయి.

"కొత్త చిగుళ్ళు వేసింది చూశావా? అక్కతో అన్నాను, మా టీ తాగి అదొక్కటే బాగుపడిందే అని." వాడు నవ్వాడు. అదే నవ్వు. ఈసారి చివర కొంచెం చిరిగింది. "వంట ఎవరు చేస్తారని డాక్టరు అడిగాడట. టీ ఎవరు పెడతారని నిన్ను నువ్వు అడిగావు. అంతేనా?"

"నేనేం అనలేదు."

"అనవు. అదే కదా నీ జబ్బు. ఏం పని చేస్తావని అడిగితే ఏం చెప్పావు ఆయనకి?"

అతను సూదిని బల్ల మీది దూదిలో గుచ్చాడు.

"అనుకున్నాను. బావా, నేను ఇన్నేళ్ళూ ఈ గీత దగ్గరే నిలబడ్డాను. ఇక్కణ్ణుంచి నాకు పిట్టలు కనబడవు. బల్ల కనబడదు. నీ వీపు, నీ కుడి మోచెయ్యి. అంతే. ఆ మోచెయ్యి పైకి లేచిందంటే దారం నోట్లోకి పోయిందన్నమాట. ఈమధ్య అది ఎన్నిసార్లు లేస్తోందో నీకు తెలీదు. పాత పిట్ట పొడి చేతికి, చెయ్యి దారానికి, దారం నాలిక్కి. నేను వెయ్యక్కర్లేదు బావా. నువ్వే వేసుకుంటున్నావు."

అతను తన చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు. గోళ్ళ మీది తెల్లచారలు ఎవరో లోపలి నుంచి గీసినట్టున్నాయి. మొదట వచ్చింది కోపం. ఇంతకాలం వీడు వెనక నిలబడి తనను చూశాడా? తాను వాణ్ణి కనిపెడుతున్నానని అనుకున్నంత కాలం?

"ముందే చెప్పి ఉండొచ్చుగా," అన్నాడు.

"రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ బాగానే ఉందన్నానుగా అని కసిరావు. అక్కకి అన్నీ చెప్పాను. మళ్ళీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. ఈసారన్నా నిజం చెప్పు."

వాడు సంచి సర్దుకున్నాడు. గీత వైపు చూశాడు.

"పురుగుల గది తాళాలు ఇచ్చేశాను. ఒళ్ళు రుద్దుకుని స్నానం చేశాను. బట్టలు కొత్తవి, బూట్లు కొత్తవి. ఒక్కసారి లోపలికి రానా? నేను కుట్టిన పిచుక ఉండాలి ఎక్కడో, చూసి పోతా."

రా అనడానికి ఒక్క క్షణం పట్టి ఉండేది. అతను అంతసేపూ వాడి చొక్కా కాలరు మడతను చూశాడు, బూటు లేసుల సందుల్ని చూశాడు. చూస్తున్నానని తెలిసింది. ఆపలేకపోయాడు.

"రూలు రూలేరా," అన్నాడు.

బావమరిది తల ఊపాడు. కోపం కూడా లేదు మొహంలో. ఒంగి, చేతిలోని రేకు మూతను స్టూలు మీద పెట్టాడు.

"ఉంటా బావా. అక్క జాగ్రత్త."

బూట్ల చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి, మెట్లు దిగి, కంకర మీద కొంచెంసేపు వినబడింది. జీపు తలుపు పడింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. మొదటి మలుపులో చప్పుడు తగ్గింది, రెండో మలుపులో మళ్ళీ వినబడింది, ఆ తర్వాత లేదు.

అతను లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. ఒక అరను లాగాడు. పిచుకల వరస. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ కుట్టు వాడిదో అతనికి మాత్రం తెలుసు. కుట్లు దగ్గరదగ్గరగా, తన కుట్లకంటే సన్నగా ఉంటాయి. ఆఫీసరు పిచుకను మెచ్చుకున్న రోజు తనను నిద్రపోనివ్వనిది అదే. చేత్తో ముట్టుకోకుండా అరను మళ్ళీ లోపలికి తోశాడు.

తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. స్టూలు మీది రేకు మూతలో ఒక స్పాంజి ముక్క, స్టాంపులు తడిచేసుకోవడానికి పోస్టాఫీసులో పెడతారే, అటువంటిది. మూతలో సరిపడేట్టు గుండ్రంగా కత్తిరించి, నీళ్ళు పోసి తడిపి ఉంది. అతను మూత ఎత్తి వాసన చూశాడు. నీళ్ళకు వాసనేమీ లేదు. వాసన లేనివి కూడా ఉంటాయి అంది బుద్ధి, అలవాటుగా. ఇంకోసారి వాసన చూశాడు. మూత అంచున వాడి వేలిముద్ర ఆరకుండా ఉంది.

ఎర్ర గీత దాటించి లోపలికి తెచ్చాడు. బల్ల మీద, గుడ్లగూబ పక్కన పెట్టాడు. కడుపు దగ్గర ఇంకా రెండు మూడు కుట్లు మిగిలాయి. కొత్త దారం తెంచాడు. కుడి మోచెయ్యి దానంతటదే పైకి లేచింది, పెదవులు విడిపోయాయి. చెయ్యి అక్కడే, గాలిలో, ఆగిపోయింది. గుమ్మం వైపు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఇంతకాలం వీపు మీద ఏదో బరువుండేది, ఇప్పుడది లేదు. అది లేకపోతే కూచోవడం ఇంత కష్టమని అతనికి తెలియదు.

చెయ్యి దించి, దారం కొనను స్పాంజికి ఒత్తాడు. మెలిపెట్టాడు. మొదటిసారికే బెజ్జంలోకి ఎక్కింది.

తడి స్పాంజి మీద దారం ఒత్తుకున్న చోట సన్నటి గాడి ఒకటి కాసేపు అలాగే నిలిచి, నీళ్ళు ఊరి, మెల్లగా పూడుకుంది.